బావ బిగించిన నట్టు

మా బావ మూసిన సీసా మూత తియ్యాలంటే ముగ్గురు కావాలి. ఒకరు సీసా పట్టుకోవాలి, ఒకరు మూత తిప్పాలి, మూడోవాళ్లు బావను తిట్టాలి. ఈ మూడో పని మా అక్కది. పెళ్లైన ఇరవై ఏడేళ్లలో ఆ పనికి ఆవిడ ఒక్కరోజు కూడా సెలవు పెట్టినట్టు నాకు గుర్తులేదు.

బావ వడ్రంగి. అందరూ ఆయన్ని బిగింపు మేస్త్రి అంటారు. వెనకాల అనే మాట కాదు, ఎదురుగానే అంటారు, ఆయన పలుకుతాడు కూడా. ఆయన చేసిన మంచం కిర్రుమనదు, కుర్చీ ఊగదు, బల్ల వణకదు. ఆయన చేసిన బీరువా విప్పి వేరే ఇంటికి పట్టుకుపోదామనుకున్న ఒక పెద్దమనిషి రెండు రోజులు దానితో కుస్తీ పట్టి, చివరికి ఇల్లు మారడమే మానుకున్నాడు. నేను ఆయన బావమరిదిని. ఆయన కోసి, అతికించి, బిగించిన చెక్కకు రంగూ మెరుపూ పెట్టడం నా పని. పంతొమ్మిదేళ్లుగా ఇద్దరం ఒకే రేకుల షెడ్డులో పొట్టు పీలుస్తున్నాం. కాబట్టి ఆయన్ని గురించి చెప్పే హక్కు నాకుంది. లేదని ఆయనంటే ఆయన్నే చెప్పుకోమనండి.

ఈ బిగింపు పిచ్చికి మూలం మా నాన్నే. అక్కకు సంబంధాలు చూస్తున్న రోజుల్లో, కుర్రాడి పనితనం చూద్దామని నాన్న చెప్పాపెట్టకుండా బావ కొట్టుకు వెళ్లాడు. బావ గాభరాపడి, అప్పుడే తయారైన కుర్చీ ఒకటి ముందుకు లాగి కూర్చోమన్నాడు. దాని వెనక కాలికి మరలు ఇంకా బిగించలేదన్న సంగతి ఆయనకు సరిగ్గా మా నాన్న కూర్చున్నాకే గుర్తొచ్చింది. నాన్న వెల్లకిలా పడ్డాడు. పొట్టు కుప్పలో పడ్డాడు గనక నడుం దక్కింది. ఇంటికొచ్చి, ఒళ్లంతా దులుపుకుంటూ, "కుర్రాడు బుద్ధిమంతుడే. కుర్చీకే బుద్ధి లేదు" అన్నాడు. సంబంధం కుదిరింది. కానీ ఆ రోజు నుంచీ స్క్రూడ్రైవరు లేకుండా మా బావ గడప దాటింది లేదు. పెళ్లి ఫోటోలో సైతం పెళ్లికొడుకు చొక్కా జేబులోంచి పసుపు రంగు పిడి ఒకటి తొంగి చూస్తుంటుంది.

ఇంట్లో కుళాయిలు బిగించాడు, కిటికీ గెడలు బిగించాడు. అంతటితో ఊరుకుంటే మేమే పడేవాళ్లం. మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు పరామర్శకు వచ్చి, మందులెన్ని పూటలు వేసుకోవాలో అమ్మ చెప్పడం పూర్తయ్యేలోగా ఆ మంచానికున్న బోల్టులన్నీ బిగించేసి వెళ్లాడు. తల వైపు ఎత్తే పిడి ఇక తిరగలేదు. మూడు రోజులు అమ్మ బల్లపరుపుగా పడుకుని అల్లుణ్ణి తలుచుకుంది. మా వీధి మంగలి షాపులో కుర్చీకీ అదే గతి పట్టింది. ఇప్పుడది గుండ్రంగా తిరగదు. మంగలే మన చుట్టూ తిరుగుతాడు.

ఎవరైనా ఏమైనా అంటే బావ దగ్గర ఒకటే జవాబు. మీసం మీద చెయ్యి వేసి, "బిగించినవాడికి విప్పడం రాదా? నేను బిగించింది నేను విప్పలేని రోజు వస్తే, ఆ రోజే షెడ్డు తాళం ఎవరి చేతిలోనైనా పెట్టేసి ఇంట్లో కూర్చుంటా" అనేవాడు. ఈ మాట నాతో అన్నాడు, మంగలితో అన్నాడు, ఆస్పత్రి నర్సుతోనూ అన్నాడు. అక్క మాత్రం, "ఆ శుభదినం నా ప్రాణానికి ఎప్పుడొస్తుందో" అని సీసా మూతను గుడ్డతో పట్టుకుని మెలితిప్పేది.

అది వస్తుందని ఎవరనుకున్నారు?

షెడ్డు మధ్యలో మా రంపం మిషను ఉంది. పోత ఇనుముతో చేసిన బల్ల, దాని నడుమ చీలికలోంచి సగం పైకి లేచిన గుండ్రటి బ్లేడు, కింద మోటారు, బెల్టు. మేం కొనేసరికే అది ముసలిది. దాని గొంతు అంటే వీధి వీధంతటికీ హడలు. బావకు మాత్రం అది ప్రాణం. పొద్దున్నే తాళం తియ్యగానే ఆయన చేసే మొదటి పని, బ్లేడును పట్టి ఉంచే నట్టుకు పానా పెట్టి ఒక్క పట్టు పట్టడం. అది వదులైందా లేదా అని చూడటం కాదు. నిద్ర లేచిన పిల్లవాడి తల నిమిరినట్టు, ఊరికే, అలవాటు. పంతొమ్మిదేళ్లు, రోజూ ఒక పట్టు. ఎన్ని పట్లో మీరే లెక్కేసుకోండి.

అన్నేళ్లలో ఆ నట్టును ఎవరూ విప్పలేదా అని మీరడగొచ్చు. విప్పే అవసరం రాలేదు. ఆకురాయి తాత అని ఒక ముసలాయన ఉండేవాడు. పదిహేను రోజులకోసారి వచ్చి, మిషను పక్కన పీట వేసుకుని, బ్లేడు ఉన్నది ఉన్నట్టుండగానే ఒక్కో పన్నూ ఆకురాయితో రాసి పదును పెట్టి వెళ్లేవాడు. చూపు మందగించాక ఆయన కూతురి దగ్గరకు వెళ్లిపోయాడు. పదును పెట్టేవాళ్లు ఇంకెవరూ షెడ్డుకు రామన్నారు. బ్లేడు విప్పి పట్టుకురమ్మన్నారు. బావ "అలాగే, అలాగే" అంటూ దాటేస్తూ వచ్చాడు.

ఎందుకు దాటేస్తున్నాడో నాకు తెలుసు. అది చెప్పాలంటే ముందు మూతల సంగతి చెప్పాలి.

నాలుగు నెలల కిందట ఇంట్లో ఒక వింత జరిగింది. మూతలు ఊడివస్తున్నాయి. పంచదార సీసా, కాఫీపొడి డబ్బా, అన్నీ అక్క ఒంటిచేత్తో తీసేస్తోంది. మొదటి వారం ఆవిడ సంబరం ఇంతా అంతా కాదు. "చూశావుట్రా తమ్ముడూ, ఇన్నేళ్లకు మీ బావకు బుద్ధొచ్చింది" అని నాకు మూత తీసి చూపించి, మళ్లీ పెట్టి, మళ్లీ తీసి చూపించింది. రెండో వారానికి ఆ మాట అనడం మానేసింది. ఎందుకంటే బావ ఒక సీసా మూస్తుండగా చూసిందట. రెండు చేతులూ వేసి, పళ్లు బిగించి, మెడ నరాలు ఉబ్బేలా తిప్పుతున్నాడట. అంతా చేసి పెట్టిన మూత ఆవిడ వేలు తగిలితే తిరిగిపోయింది.

అదే వారం షెడ్డులో బావ, "ఒరేయ్, ఈ వార్నీషు డబ్బా మూత తియ్యి, నా చేతులకు జిగురుంది" అన్నాడు. చేతులకు జిగురు లేదు. నేను చూడనట్టే మూత తీసిచ్చాను. కుడి చేతి బొటనవేలి మొదట్లో కీలు అరిగిపోయిందనీ, పట్టు ఇక తగ్గడమే తప్ప పెరగదనీ డాక్టరు చెప్పాడని తర్వాత తెలిసింది. ఆ చీటీ ఆయన పనిముట్ల పెట్టె అడుగున, ఉలి కింద పెట్టుకున్నాడు. మడత మీద మడత పెట్టి, చుట్టూ తీగ చుట్టి, ఆ తీగను కూడా బిగించాడు. అది విప్పడానికి నాకే పావుగంట పట్టింది.

నెల తిరిగేసరికి ఇంట్లో మళ్లీ తిట్లు మొదలయ్యాయి. "ఏం బిగింపండీ ఇది! మనుషులు తెరుచుకోవద్దా?" అని పొద్దున్నే అక్క గొంతు వినబడింది. బావ టీ తాగుతూ మీసాల్లో నవ్వుకుంటున్నాడు. హమ్మయ్య, కోలుకున్నాడనుకున్నాను. ఆ సాయంత్రం ఏదో పనిమీద వంటింట్లోకి వెళ్లి చూద్దును కదా, అక్క వరసగా సీసాలు ముందు పెట్టుకుని, ఒక్కోటీ గుండెలకానించుకుని, మూతలు గట్టిగా బిగిస్తోంది. నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టింది. ఇరవై ఏడేళ్లు ఏ బిగింపునైతే తిట్టిందో, ఇప్పుడది తన చేత్తో బిగించి, పొద్దున్నే దాన్ని పట్టుకుని మళ్లీ ఆయన్నే తిడుతోంది. నవ్వాలో ఏడవాలో తెలియక నేను మంచినీళ్లు తాగి వచ్చేశాను.

అలా గుట్టుగా సాగిపోతున్న సంసారంలో ఒక మేకు దిగింది. నిజంగా మేకే. పాత తలుపు చెక్క ఒకటి కోస్తుండగా, రంగు కింద దాక్కున్న మేకు బ్లేడుకు తగిలింది. మిషను పెట్టిన కేకకు పక్క షాపులవాళ్లు బయటికొచ్చారు. ఆపి చూస్తే ఆరు పళ్లు లేవు. బోసినోటి బ్లేడుతో ఇక మెత్తటి చెక్క కూడా తెగదు. విప్పక తప్పదు.

బావ ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. అది ఆయన పద్ధతి. మిషను మీద చెయ్యి వేసేముందు ఫ్యూజు తన జేబులో ఉండాలి, ఇంకెవరినీ నమ్మడు. బ్లేడుకు గోనెపట్టా చుట్టాం. అది తిరక్కుండా నేను కర్రదిమ్మె అడ్డం పెట్టి పట్టుకున్నాను. బావ పానా పెట్టి తిప్పాడు. నట్టు కదల్లేదు. చెయ్యి తుడుచుకుని మళ్లీ తిప్పాడు. నట్టు అలాగే ఉంది, బావ మొహమే రంగు మారింది.

"తుప్పు పట్టిందిరా" అన్నాడు.

ఆ నట్టు అద్దంలా మెరుస్తోంది. రోజూ పానా రాపిడి తగిలే నట్టుకు తుప్పెక్కడిది? అయినా, "అవును బావా, బాగా పట్టింది" అన్నాను.

ఆయన పెట్టిన ఒట్టు ఇద్దరికీ గుర్తుంది. మేం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. తాళం చేతిలో పెట్టేస్తానన్నవాడు పెట్టే తీరతాడు. మాట దగ్గరా ఆయనది అంతే బిగింపు. ఈయన ఇంట్లో కూర్చుంటే ఏమవుతుంది? పరామర్శకు వెళ్లి కూడా ఆస్పత్రి మంచం బోల్టులు బిగించకుండా ఉండలేని మనిషి, పని లేకుండా నాలుగు గోడల మధ్య ఎన్నాళ్లుంటాడు?

మోటారు మెకానిక్కును పిలిచాం. ఆయన్ని అందరూ రెండు నిమిషాలు అని పిలుస్తారు, ఎందుకంటే ఏ పనికైనా ఆయన చెప్పే గడువు అదే. "రెండు నిమిషాలు" అంటూ కూర్చుని పూటంతా గడిపాడు. నట్టులోకి సన్న నూనె పోసి, "ఇది రాత్రంతా నానాలి" అని లేచాడు.

"రెండు నిమిషాలన్నావు కదయ్యా?" అన్నాను.

"నూనె పోయడానికి రెండు నిమిషాలే పట్టింది కదా" అన్నాడు.

మర్నాడు నట్టు నూనెలో నాని ఇంకా మెరిసింది, అంతే. అప్పుడు వీధి చివరి వెల్డరు తనంతట తనే వచ్చాడు. కండలున్నవాడు, అవి చూపించుకునే అవకాశం వదులుకోడు. బావ ముందే చెప్పాడు: "ఇది ఎదురు మరయ్యా. బ్లేడు తిరిగే ఊపుకు ఊడిపోకుండా అలా చేస్తారు. మామూలు నట్టు ఎడమకు తిప్పితే వదులవుతుంది. దీన్ని కుడికి తిప్పాలి. కుడికి!"

"నాకు తెలీదా మేస్త్రీ?" అన్నాడు వెల్డరు. పానాకు బారెడు ఇనుప పైపు తొడిగాడు. కాళ్లు ఎడం చేసి నిలబడ్డాడు. ఊపిరి బిగబట్టి, అచ్చంగా ఎడమకు తిప్పాడు. నట్టు కిచ్చుమని పావు చుట్టు తిరిగింది. "కదిలింది!" అని గంతేశాడు. కదిలిన మాట నిజమే, బిగిసే వైపు కదిలింది.

బావ ఒక్క మాట అనలేదు. నేనన్నాను, రెండు మూడు. ఇక్కడ రాయదగ్గవి కావు. వెల్డరు పైపు భుజాన వేసుకుని, "నట్టు కోసెయ్యండి, నా దగ్గర గ్యాసుంది" అని సలహా ఇచ్చాడు. పొట్టు కుప్పల మధ్య గ్యాసు మంట పెట్టమన్న ఆ మహానుభావుణ్ణి గుమ్మం దాకా నేనే సాగనంపాను.

మధ్యాహ్నం క్యారియరు తెచ్చుకుందామని ఇంటికి వెళితే అక్క ఎదురొచ్చింది.

"ఆయన విప్పలేకపోయారా?" అంది.

"తుప్పు పట్టిందక్కా."

"నాకు కూడా తుప్పు కబుర్లేనా?" అంది. కాసేపు ఆలోచించి, పొయ్యి మీద నీళ్ల గిన్నె పెట్టింది. "నిన్న రాత్రి ఎదురు మరో ఏదో అన్నావే, అదేంటో చెప్పు."

చెప్పాను. ఎటు తిప్పితే బిగుస్తుందో, ఎటు తిప్పితే వదులవుతుందో చేత్తో చూపించాను. "ఇందులో వింతేముంది, ఈ ఇంట్లో ఏది తిన్నగా తిరిగింది గనక" అంది. మరిగిన నీళ్లు ఫ్లాస్కులో పోసింది. దళసరి గుడ్డ ఒకటి, ఇనుప గరిటె ఒకటి సంచిలో వేసింది. క్యారియరు నా చేతికిచ్చి తను కూడా బయల్దేరింది.

షెడ్డులో బావ మిషనుకు వీపు ఆనించి కింద కూర్చుని ఉన్నాడు. కుడిచేతి బొటనవేలు ఎడమ చేత్తో పట్టుకుని ఉన్నవాడల్లా, మమ్మల్ని చూసి వదిలేశాడు. రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు. భోజనం పెడితే తిన్నాననిపించాడు. అక్క మాత్రం బ్లేడు ఊసే ఎత్తలేదు.

"ఏమండీ, ఆ మొహం అద్దంలో చూసుకున్నారా? దొంగల్లో కలిసిపోయినవాడిలా ఉన్నారు. ముందు వెళ్లి గడ్డం గీయించుకుని రండి" అంది.

"ఇప్పుడా?"

"మరెప్పుడు? ఈ అవతారంతో ఇంటికి రావద్దు."

బావ కూడా అక్కణ్ణించి ఎటైనా పోదామనే చూస్తున్నట్టున్నాడు. లేచి వెళ్లాడు. మంగలి మన చుట్టూ తిరిగి గడ్డం గీయాలి గనక, ఆ షాపుకు వెళ్లినవాడు గంటకు గానీ తిరిగి రాడు. ఆ పుణ్యం కూడా బావదే.

ఆయన మలుపు తిరిగాడో లేదో అక్క సంచి విప్పింది. నన్ను కర్రదిమ్మె పట్టుకోమంది. వేడినీళ్లలో గుడ్డ ముంచి నట్టు చుట్టూ చుట్టింది. అది చల్లారితే మళ్లీ ముంచి చుట్టింది. అలా ఐదారుసార్లు. తర్వాత గరిటె కాడతో నట్టు చుట్టూ ఆరు మూలలా టక్కుటక్కుమని కొట్టింది. సుత్తి ఇస్తానంటే వద్దంది. "నా చేతికి ఇదే అలవాటు. ఏ మూతను ఎంత గట్టిగా కొట్టాలో దీనికే తెలుసు."

ఇక పానా పెట్టింది. పెట్టి, ఎడమ వైపు నొక్కింది.

"అక్కా! అది బిగిసే వైపు! ఇందాక ఆ వెల్డరు వెధవ కూడా..."

"నోర్ముయ్" అంది. "బిగుసుకున్నదాన్ని ఎప్పుడూ ముందు అదెటు పోదామనుకుంటుందో అటే కొంచెం పోనివ్వాలి. తనే గెలిచాననుకుని కాస్త పట్టు వదులుతుంది. అప్పుడు మనవైపు తిప్పాలి. ఇరవై ఏడేళ్లుగా మూతలతో నేను పడ్డది ఇదే." పానా సర్దుకుంటూ, "మీ బావతో కూడా" అంది.

ఎడమకు ఒక చిన్న నొక్కు. వెంటనే కుడికి ఒక్క గుంజు. మళ్లీ ఎడమకు, మళ్లీ కుడికి. మొహం మీద చెమట పట్టింది. మణికట్టు చూశాను. మా అక్క చేతిని నేనెప్పుడూ అలా చూడలేదు. తాడు పేనినట్టుంది. మూతలే ఆ చేతిని అలా తయారుచేశాయి.

నాలుగోసారి నట్టు టప్పుమంది.

నేను అరవబోయాను. అక్క తడిగుడ్డ నా మీదికి విసిరింది. "ఇప్పుడు నోరు విప్పావంటే, దానికి మూత పెట్టి బిగించేది నేనే." నట్టును వేళ్లతో సగం చుట్టు వదులు చేసి చూసి, మళ్లీ యథాస్థానానికి తిప్పి, పానాతో ఒక చిన్న పట్టు పట్టింది, మరీ ఊడిపోయేలా ఉంటే అనుమానం వస్తుందని. నీటి తడి తుడిచింది, ఫ్లాస్కూ గుడ్డా సంచిలో పెట్టుకుంది. "ఆయన వచ్చి విప్పుతారు. నువ్వు ఆశ్చర్యపోవాలి. సరిగ్గా ఆశ్చర్యపో, నీకు నటించడం రాదు" అని చెప్పి వెళ్లిపోయింది.

బావ నున్నటి గడ్డంతో వచ్చాడు. "ఆఖరిసారి చూద్దాంరా" అన్నాడు. ఆ గొంతు వింటే, తాళం ఎవరి చేతిలో పెట్టాలో కూడా దారిలోనే నిర్ణయించుకుని వచ్చాడనిపించింది. నేను కర్రదిమ్మె పట్టుకున్నాను. ఆయన పానా పెట్టి, కళ్లు మూసుకుని, ఒళ్లంతా బరువు చేసి కుడికి లాగాడు.

నట్టు వెన్నలా తిరిగింది. బలమంతా పెట్టి లాగిన మనిషి ఆ ఊపుకు పక్కకు తూలి, పొట్టు కుప్పలో వెల్లకిలా పడ్డాడు. ఇరవై ఏడేళ్ల కిందట మా నాన్న ఎలా పడ్డాడో అచ్చం అలాగే.

"అబ్బో బావా! వచ్చేసింది! ఏం బలం! ఏం బలం!" అన్నాను. అక్క చెప్పింది నిజమే, నాకు నటించడం రాదు.

బావ లేచి పొట్టు దులుపుకున్నాడు. నట్టు తీశాడు, వాషరు తీశాడు, బోసినోటి బ్లేడును రెండు చేతులతో బయటికి తీసి గోడకు ఆనించాడు. నేను మాట్లాడుతూనే ఉన్నాను. తుప్పు గురించి, నూనె మహిమ గురించి, రాత్రంతా నానడం గురించి. ఆయన నా మాట వినడం లేదు. మిషను బల్ల ఆ చివర చూస్తున్నాడు. నేనూ చూశాను.

అక్కడ గరిటె ఉంది.

బావ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. కాడ చివర కొత్తగా పడ్డ సొట్టలు ఒక్కొక్కటీ వేలితో తడిమాడు. నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. ఆయన గరిటెను ఖాళీ క్యారియరు పక్కన పెట్టి, క్యారియరుకు మూత పెట్టాడు. వదులుగా పెట్టాడు.

సాయంత్రం భోజనాల దగ్గర నేనూ ఉన్నాను. అక్క వడ్డిస్తోంది. బావ కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, గరిటె తెచ్చి బల్ల మీద పెట్టాడు. దాని పక్కన షెడ్డు తాళంచెవి పెట్టాడు.

అక్క మొహం పాలిపోయింది. "ఏంటండీ ఇది?"

"అన్నమాట అన్నమాటే" అన్నాడు బావ. "నేను బిగించింది నేను విప్పలేకపోయాను. విప్పినవాళ్ల చేతిలో తాళం పెడుతున్నాను."

"మీరే విప్పారని వీడు చెప్పాడే!"

"వీడు చెప్పాడు, నేను విన్నాను. వీడికి అబద్ధం అతకదు." బావ కుర్చీలో కూర్చున్నాడు. "మూడు నెలలుగా ఈ ఇంట్లో నేను మూసిన మూతలు పొద్దున్నకల్లా నేను మూసినదానికన్నా గట్టిగా ఉంటున్నాయి. దయ్యాలకు అంత తీరికుండదు కదా. తెలిసే ఊరుకున్నా. పొద్దున్నే నువ్వు తిడుతుంటే బాగుండేది."

ఆ చివరి మాటకు నాకు ఏడుపొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. మంచినీళ్ల గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకుని, నీళ్లు అయిపోయాక కూడా తాగుతూ కూర్చున్నాను.

అక్క కాసేపు తాళంచెవిని చూసింది. తీసుకుని చేతిసంచిలో వేసుకుంది. గరిటె కూడా తీసుకుని, "దీని కోసం సాయంత్రమంతా వెతికాను" అంది. బావ తల దించుకుని బల్ల అంచు మీద బొటనవేలు రాస్తున్నాడు. అది చూసి, తిట్టే గొంతు తెచ్చుకుని అంది:

"రేపు పొద్దున్న ఏడింటికల్లా తయారై ఉండండి. షెడ్డు తీసేది నేను. అంతేగానీ చెక్క కోసేది నేను కాదు కదా? మేస్త్రి లేకుండా షెడ్డు తీసి ఏం చేసుకోను?"

బావ తలెత్తాడు. ఆయన మొహంలో ఏం కనిపించిందో చెప్పడం నాకు రాదు, నేను చెక్కకు మెరుపు పెట్టేవాణ్ణి. అలాంటి మెరుపు ఏ వార్నీషుతోనూ రాదని మాత్రం చెప్పగలను.

మర్నాడు ఏడింటికి అక్క తాళం తీసింది. ఫ్యూజు బావ జేబులోనే ఉంది. ముందురోజు సాయంత్రమే నేను కొనుక్కొచ్చిన కొత్త బ్లేడును ఆయన షాఫ్టుకు ఎక్కించాడు. పళ్లు ఎటు చూడాలో చూసుకున్నాడు, వాషరు తుడిచి పెట్టాడు, నట్టును వేళ్లతో తిప్పినంత తిప్పాడు. తర్వాత పానా అక్క చేతికిచ్చి పక్కకు జరిగాడు. "ఎడమకు" అన్నాడు. "నాకు తెలుసు" అంది అక్క. వెల్డరు కూడా ఇదే మాట అన్నాడని గుర్తొచ్చి నేను రెండడుగులు వెనక్కి వేశాను. కానీ ఆవిడ ఎడమకే తిప్పింది. రెండో పట్టు పట్టింది. నడుం బిగించి మూడో పట్టు పట్టబోయింది.

అప్పుడు మా బావ, నా చెవులతో నేను విన్నాను, ఆ బిగింపు మేస్త్రి, మా అక్క చెయ్యి పట్టుకుని ఆపాడు.

"చాలు చాలు. ఇంకా బిగిస్తే రేపు ఎవరు విప్పుతారు?"

"నేను లేనా ఏంటి?" అంది అక్క, ఆ చెయ్యి విడిపించుకోకుండానే.